ఊకొట్టే సింహం

కథ చెప్పడానికి నోరుంటే చాలదు, ఎదురుగా ఊకొట్టే మనిషి ఉండాలి. ఆ మనిషి లేకపోతే ఎంతటి మొనగాడి కథైనా గోడకు చెప్పుకున్నట్టే. ఈ సంగతి మా తోటలో ఉన్న రాతిసింహానికి తెలిసినంతగా మనుషులకు తెలియదు.

నేను ఆ తోటలో బొమ్మరైలు నడిపేవాణ్ణి. తోట చాలా పెద్దది. ఎంత పెద్దదంటే, కొత్తగా పెళ్ళైన జంట ఒకటి ఈ గేటులోంచి లోపలికి వెళ్ళి, అన్నీ చూసుకుని ఆ గేటులోంచి బయటపడేసరికి వాళ్ళ పిల్లాడికి మీసాలొచ్చాయి. నమ్మకపోతే మానేయండి. చెరువు, పడవలు, ఫౌంటెన్లు, అద్దాల ఇల్లు, రాతిబొమ్మలు, వాటన్నిటినీ చుట్టి వచ్చే నా రైలు. రైలు నడిపినందుకు జీతమిచ్చేవాళ్ళు, మైకులో కోతలు కోసినందుకు చప్పట్లు కొట్టేవాళ్ళు. చెరువులో ముక్కుపుడక పెట్టుకున్న చేప ఒకటి ఉందని చెప్పేవాణ్ణి. జనం రైలు దిగి గట్టు మీద వరసగా నిలబడేవాళ్ళు. చూశామని చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నా అబద్ధాలకైతే జనమే జిగురు తెచ్చి అతికించేవాళ్ళు.

అన్నిటికంటే బాగా అతికింది సింహం కథ. మరుగుదొడ్ల వెనక గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని కూర్చుని ఉండేది. మొదట్లో మామూలు రాయే. ఎప్పటినుంచో సరిగ్గా గుర్తు లేదు, ఒకరోజు చూస్తే ఊకొడుతోంది. దాని ముందు నిలబడి మనం ఏదైనా చెప్పుకుంటూ ఉంటే, కాసేపటికి గొంతులోంచి "ఊఁ..." అని వస్తుంది. కడుపునిండా భోంచేసి వాలుకుర్చీలో పడుకున్న పెద్దమనిషి అన్నట్టు. అది పూర్వం కథలు వినే కొలువులో ఉండేదని, వినీ వినీ లేవడం మరిచిపోయి రాయైపోయిందని నేను మైకులో చెప్పేవాణ్ణి. ఇక జనం ఆగుతారా? పరీక్ష తప్పినవాళ్ళు, పెళ్ళి కుదరనివాళ్ళు, అత్తాకోడళ్ళు విడివిడిగా, అందరూ వెళ్ళి దాని చెవిలో చెప్పుకుని తేలికపడి వచ్చేవాళ్ళు.

జనం సంగతి సరే. మా వదిన కూడా చెప్పుకునేది. చిక్కు అక్కడ.

వదినంటే మా అన్నయ్య భార్య. అన్నయ్య ఆ తోటలోనే పైపుల మేస్త్రీ. మేమిద్దరం ఒక తల్లి బిడ్డలమంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. మా అమ్మ దగ్గరున్న మాటలన్నీ నేనే ఎత్తుకొచ్చేశాను, అన్నయ్యకు "ఊఁ" ఒక్కటే మిగిలింది. నోట్లో చుట్ట, చేతిలో పానా, ఏం చెప్పినా "ఊఁ". ఆ మనిషి జబ్బు చేసి పోయాక, తోటవాళ్ళిచ్చిన క్వార్టర్‌లో నేనూ, నా భార్యా, వదినా మిగిలాం. వదినకు మరుగుదొడ్ల దగ్గర కౌంటర్‌లో పని ఇచ్చారు.

అప్పటినుంచి ఇంట్లో ఆమె మాటలన్నీ టెలిగ్రాములే. "నీళ్ళొచ్చాయి." "గ్యాస్ అయిపోయింది." "తలుపు వేశాను." అన్నం కూడా మాతో తినేది కాదు, కంచం పట్టుకెళ్ళి పెరటిమెట్ల మీద కూర్చునేది. కానీ మధ్యాహ్నం జనం పల్చబడ్డాక సింహం ముందు చిన్న పీట వేసుకుని గలగలా మాట్లాడేది. రైల్లో వెళ్తూ దూరంనుంచి చూసేవాణ్ణి. చేతులు తిప్పుతూ, మధ్యమధ్య నవ్వుతూ. సింహం ఊకొట్టేది. నా రైలు దగ్గరికొస్తే ఇద్దరూ గప్‌చుప్.

"నా కోతలు వదిన కూడా నమ్మినట్టుంది," అన్నాను నా భార్యతో.

"మీ కోతలు నమ్మి నేను మిమ్మల్ని చేసుకోలేదూ," అంది ఆవిడ. "పోనిద్దురూ. ఎక్కడో ఒకచోట నోరు విప్పుతోంది. అదీ లేకపోతే మనిషి ఏమైపోను?"

ఇదిలా ఉండగా ఆ చలికాలం తోట మూసేశారు.

కారణం మురుగు. తోటకు పదిమంది వస్తే గొప్ప అనుకునే రోజుల్లో భూమిలో వేసిన గొట్టాలు. ఇప్పుడు సెలవురోజొస్తే ఊళ్ళకు ఊళ్ళే దిగుతాయి. గొట్టాలు ఎంతకని మింగుతాయి? ఒకరోజు బ్యాండువాళ్ళు వాయిస్తుండగా బ్యాండుమేడ మెట్ల కిందనుంచి మురుగు పొంగుకొచ్చింది. వాళ్ళు పాట ఆపకుండానే వరసగా బెంచీలెక్కారు. అంతమంది ఒకేసారి ముక్కులు మూసుకుంటే వచ్చే నిశ్శబ్దం మీరెప్పుడూ విని ఉండరు. ఆ మర్నాడే పైవాళ్ళు కొత్త లైను వేయడానికి ఒప్పుకున్నారు.

జనం లేని తోట ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. పొద్దున్నే మంచు చెరువు మీదినుంచి లేచి, తీరిగ్గా ఒక్కో దారిలోకి నడిచేది, టికెట్టు కొనుక్కుని వచ్చినట్టు. ఫౌంటెన్లు పడుకున్నాయి. బోర్లించిన పడవల మీద కొంగలు. మంచులో తవ్విన మట్టిదిబ్బలు ఆవులమంద పడుకున్నట్టు కనపడేవి. నా రైలుకు కొత్త ప్రయాణికులొచ్చారు, ఒక్కో పెట్టెలో నారింజరంగు గొట్టాలు, సిమెంటు రింగులు. గేటు దగ్గర ఎక్కించుకుని గుంతల దగ్గర దింపడం నా పని. అలవాటు చావక వాటికీ మైకులో చేప కథ చెప్పేవాణ్ణి. బుద్ధిగా వినేవి. కదలవు, మెదలవు, వేరుశనగలు తిని తొక్కలు పారేయవు.

పనికి పెద్ద ఒక ఇంజనీరమ్మ. మా మేనకోడలి వయసుంటుంది. పెద్ద బూట్లు, మెడకు మఫ్లరు, సన్నటి గొంతు. ఆ గొంతుతోనే యంత్రాలన్నీ ఆపేది.

"బాబాయ్ గారూ, పాత లైను ఎటు పోతోందో ఎవరికీ తెలియదట. రేపు పొగ పెట్టి చూస్తాం."

"పొగెందుకమ్మా, నన్నడుగు. ఈ గొట్టం నేరుగా వెళ్ళి సముద్రంలో తేలుతుంది. ఒకసారి మరుగుదొడ్లో పడిపోయిన టోపీని ఓడవాళ్ళు తెచ్చి ఇచ్చారు."

"సైజు సరిపోయిందా?" అంది, తల ఎత్తకుండా.

అప్పుడే నాకు ఆ పిల్ల నచ్చింది.

మర్నాడు పొద్దున్న మ్యాన్‌హోల్ మీద పెద్ద ఫ్యాను పెట్టి, తెల్లటి పొగ లోపలికి ఊదారు. ఎవరికీ హాని చేయని పొగేనట. గొట్టం ఎక్కడ పగిలితే అక్కడ పైకి వస్తుంది. అందరం మంచులో నిలబడి చూస్తున్నాం. కాసేపు ఏమీ లేదు. తరవాత పచ్చికలో ఒకచోట సన్నటి దారంలాగా లేచింది. అక్కడికి కాస్త దూరంలో ఇంకొకటి. గులాబీల మొదట్లోంచి, బ్యాండుమేడ మెట్ల సందులోంచి, అద్దాల ఇంటి చూరునుంచి. భూమి నిద్రలో ఊపిరి వదులుతున్నట్టుంది. టికెట్ల గదిలో చేతులు కడుక్కునే సింకులోంచి కూడా వచ్చిందట, గుమాస్తా ఫైళ్ళు గుండెకు హత్తుకుని బయటికి పరిగెత్తాడు. పనివాళ్ళు పొగ వచ్చినచోటల్లా ఎర్రజెండా గుచ్చుకుంటూ పోయారు. ఏది మంచో ఏది పొగో తెలియడం మానేసింది. నేనే కోసిన కోతలోకి నేనే నడిచి వెళ్ళినట్టనిపించింది.

అలా నడుస్తూ సింహం దగ్గరికి వచ్చాను.

దాని నోట్లోంచి పొగ వస్తోంది. గుప్పున కాదు. తీరుబడిగా, పై పెదవి దాటి, మీసాల మీదుగా. ఎదురుగా వదిన, శాలువా కప్పుకుని నిలబడి ఉంది. నన్ను చూడలేదు.

"చుట్ట మానేశారనుకున్నానే," అంది సింహంతో.

"ఊఁ," అంది సింహం.

ఇంతలో వెనకనుంచి ఇంజనీరమ్మ వచ్చింది. సింహం పంజా సందులో ఒక ఎర్రజెండా పెట్టి, ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

నేను వెంటపడ్డాను. "దానికి జెండా ఎందుకమ్మా? అది తోటకంతటికీ పెద్దదిక్కు."

"దాని గొంతులోకి మురుగు లైను గాలిగొట్టం కలిపారు బాబాయ్ గారూ. మరుగుదొడ్ల పైన తనంతట తాను నిండి కుమ్మరించే తొట్టి ఉంది కదా, అది కుమ్మరించినప్పుడల్లా లోపలి గాలి ఇటు తోసుకొస్తోంది. మీరు వింటున్న ఊ అదే."

"అయితే ఏం? పాపం, ఎవరికీ అడ్డం లేదు కదా."

"అది మురుగు గ్యాస్. పిల్లలు దాని నోట్లో తలలు పెడతారు. మూసేయాల్సిందే." సింహం వైపు తిరిగి, "ఎవరు పెట్టారో గానీ, పని మాత్రం చక్కగా చేశారు. చేయకూడని పనిని ఇంత చక్కగా చేసినవాళ్ళని నేను చూళ్ళేదు," అంది.

వదిన సంగతి చెప్పాను. తను సింహంతో మాట్లాడుతుందని, అందులో మా అన్నయ్య ఉన్నాడనుకుంటున్నట్టుందని. ఆ పిల్ల మఫ్లరు అంచు వేలికి చుట్టుకుంది.

"నేను మాట్లాడనా ఆవిడతో?"

"వద్దమ్మా. నేను చూసుకుంటాను."

"నోరు మూసేది అన్నిటికంటే చివర్న పెడతాను," అంది. "అంతకంటే నా చేతిలో లేదు."

చూసుకుంటానన్నాను గానీ ఏం చూసుకోను? నా దగ్గరున్నవి కోతలు, ఎదుటున్నవి గొట్టాలు. కొత్త లైను రోజురోజుకీ దగ్గరికొచ్చింది. మంచు విడిపోయే వేళకు పైపులు పరిచి, మళ్ళీ మంచు పట్టే వేళకు మట్టి కప్పేవాళ్ళు. ఒక మధ్యాహ్నం మరుగుదొడ్లన్నీ కొత్త లైనుకు కలిపేశారు. పాత తొట్టి దించేశారు. సింహం వెనక గోడ అవతల తవ్వి, పాత గొట్టాన్ని అడ్డంగా కోసి, కడిగి ఆరబెట్టారు.

ఆ రోజు వదిన ఎప్పటిలాగే పీట వేసుకుంది. నేను ఖాళీ రైలు ఆపి దూరంనుంచి చూశాను. ఏదో అంది. ఆగింది. మళ్ళీ ఏదో అంది. పాపం, ఎంతసేపు ఆగిందో. పీట తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడూ అంతే. ఇంట్లో టెలిగ్రాములు కూడా ఆగిపోయాయి. నీళ్ళొస్తే వచ్చాయని చెప్పే దిక్కులేక బిందె నిండి, బకెట్టు నిండి, వాకిలంతా చెరువైంది. వదిన ఆ నీళ్ళ పక్కనే కూర్చుని చూస్తోంది.

"అలా వదిలేస్తే మనకు దక్కదండీ," అంది నా భార్య, గుడ్డ పెట్టి తుడుస్తూ. "పెళ్ళైన నాటినుంచీ కోతలు కోస్తూనే ఉన్నారు. ఒక్కటైనా పనికొచ్చేది కోయకూడదూ?"

అలా పుట్టింది ఉపాయం. గోడ వెనక గుంతలో నేను దిగి కూర్చోవాలి. కోసిన గొట్టం దగ్గర నోరు పెట్టి, వదిన మాట్లాడినప్పుడు ఊకొట్టాలి. ఎవరైనా వస్తే నా భార్య దగ్గుతుంది.

"ఊ తప్ప ఇంకో ముక్క అనకూడదు," అంది.

"అదేమంత పని?"

"మీ వల్ల కాదు."

"ఎందుక్కాదు?"

"ఇదిగో, ఇందుకే."

మధ్యాహ్నం మంచు సన్నగా ఉంది. ఎండ వెన్నెల్లాగా ఉంది. నేను గుంతలోకి దిగాను. నడుములోతు ఉంటుంది, పైన అంతా ఆకాశమే. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, గొట్టం వైపు తిరిగాను. తిరిగితే, కోసిన అంచుకు ఇవతల అతుకు దగ్గర ఒక గుడ్డపేలిక చుట్టి ఉంది. తారులో ముంచి, బిగించి, చివర లోపలికి దోపి. తారు పట్టనిచోట చిన్న ఆకుపచ్చ పువ్వు.

మా వంటింటి కుళాయికీ అదే పేలిక, అదే దోపుడు. గొట్టాల అతుకులకు చుట్టే నార ఒక్కదాన్నే అన్నయ్య ఎప్పుడూ నమ్మేవాడు కాదు. వదిన పాతబట్ట ఏదో ఒకటి చింపి పైన చుట్టేవాడు.

నేను ఊరందరికీ చెప్పుకు తిరిగిన కథకు గొంతు పెట్టింది మా అన్నయ్య. నాతో ఒక్కమాట అనలేదు. అడిగి ఉంటే "ఊఁ" అనేవాడు.

గోడ అవతల పీట చప్పుడైంది.

"ఇవాళ చలి ఎక్కువ," అంది వదిన.

గొట్టంలో నోరు పెట్టి, "ఊఁ," అన్నాను.

పీట ఇంకాస్త ముందుకు జరిగిన చప్పుడైంది.

"ఆ ఇంజనీరు పిల్ల సరిగ్గా తిండి తినదు. నిలబడి తింటుంది. నిలబడి తింటే వంటబడుతుందా?"

"ఊఁ."

"చిన్నబ్బాయి గొట్టాలకి కూడా కథలు చెబుతున్నాడు. నిన్న విన్నాను. చేపకి ముక్కుపుడక పోయి ఇప్పుడు గాజులొచ్చాయి."

చిన్నబ్బాయంటే నేనే. నెత్తి నెరిసినా వదినకు చిన్నబ్బాయినే. నవ్వాపుకుని, "ఊఁ," అన్నాను.

"మంచివాడే. ఇద్దరూ మంచివాళ్ళే. అందుకే ఇంట్లో ఏమీ చెప్పలేను. తలనొప్పి అంటే డాక్టరు దగ్గరికి వెళ్దాం వదినా అంటాడు. దిగులుగా ఉందంటే, ఎందుకు దిగులు అని మొదలుపెడతాడు. చెప్పినదానికల్లా ఒక జవాబు. నాకు జవాబులెందుకు? నేనేమన్నా ప్రశ్నలు అడిగానా?"

చెప్పొద్దూ, నా నోటిదాకా ఒక జవాబు వచ్చింది. మంచి జవాబే. నా మెడలో ఉన్న మఫ్లరు నోట్లో కుక్కుకున్నాను. అది మింగేదాకా ఆగి, "ఊఁ," అన్నాను.

మంచు గోడ మీదినుంచి వంగి నన్ను చూస్తున్నట్టుంది.

"చిన్నబ్బాయ్," అంది.

"ఊఁ," అన్నాను.

"బయటికి రా. నడుం పట్టేస్తుంది."

మట్టికొట్టుకుపోయి పైకి వచ్చాను. అటు నా భార్య ఇప్పుడు దగ్గడం మొదలుపెట్టింది, ప్రయోజనం లేకపోయినా.

"ఎలా తెలిసింది వదినా?"

"సింహం ఏనాడైనా సరైన చోట ఊకొట్టిందా?" అంది. కోపం లేదు. "నేను సగంలో ఉండగా అనేది. మొదలుపెట్టకముందే అనేది. మీ అన్నయ్యా అంతే. ఇల్లు కాలిపోతోందన్నా ఊఁ, కూరలో ఉప్పు తగ్గిందన్నా ఊఁ. నువ్వు చూస్తే నేను ఆగినచోట ఠక్కున కొడుతున్నావు. బడిలో హాజరు పలికినట్టు."

"అందులో అన్నయ్య ఉన్నాడనుకుంటున్నావని నేను..."

"నాకేం మతిపోయిందా? ఈ గొట్టం దింపిన రోజు టార్చి పట్టుకున్నది నేనే. పచ్చిక మీద గాలిగొట్టం నిలబెడితే అందం చెడుతుందని పైవాళ్ళు ఒప్పుకోలేదు. లోపలేమో కంపు. ఇదిగో, దీని నోరు ఊరికే తెరుచుకుని ఉంది కదా అన్నారు మీ అన్నయ్య. మొదటిసారి ఊ అన్నప్పుడు ఆయన నవ్విన నవ్వు... ఆ మనిషి అంత పెద్దగా నవ్వగలరని నాకు అప్పటిదాకా తెలియదు."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే మైకులో చెప్పేయవూ?"

దానికి నా దగ్గర జవాబుంది. చెప్పలేదు.

వదిన లేచి, పీట నా చేతికిచ్చింది. సింహం దవడ మీది మంచును అరచేత్తో ఒకసారి తుడిచింది.

దాని నోరు మూసిన రోజు వదిన దగ్గరుండి, సిమెంటు నున్నగా లేదని మేస్త్రీ చేత మళ్ళీ మెత్తించింది. గాలిగొట్టం చెట్ల వెనక ఎత్తుగా నిలబెట్టారు. తోట తెరిచాక జనం వచ్చి సింహం ముందు చెవులు రిక్కించి నిలబడితే, అది ఇప్పుడు ఆలోచిస్తోందని మైకులో చెప్పాను. ఇంజనీరమ్మ వెళ్ళేముందు మా ఇంట్లో భోంచేసింది. కూర్చుని తింది, వదిన ఊరుకోదు కదా. ఇవన్నీ తరవాతి సంగతులు. నేను చెప్పవలసింది గుంతలోంచి లేచిన ఆ సాయంత్రం సంగతి.

ఆ సాయంత్రం అన్నం వేళకు వదిన కంచం తీసుకుంది. పెరటివైపు రెండడుగులు వేసింది. తిరిగి వచ్చింది. పీట మా పక్కన వేసుకుని కూర్చుంది. నా భార్య గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇవాళ పప్పు ఉడకలేదు," అంది వదిన.

బాగానే ఉడికిందని చెప్పబోయాను. నా భార్య కంచం చాటునుంచి నా మోకాలు గిల్లింది.

"ఊఁ," అన్నాను.

వదిన చెప్పడం మొదలుపెట్టింది. అన్నయ్య మొదటిసారి పానా కొనుక్కున్న రోజు, కౌంటర్ దగ్గరికి రోజూ వచ్చి చిల్లర లేదనే ఆసామి, చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిలు మీద కూర్చుని చూసిన వాన. ఒకదాంట్లోంచి ఒకటి. కిటికీ అవతల తోటంతా మంచు కప్పుకుంది. కొత్త గొట్టాల్లో నీళ్ళు ఏ చప్పుడూ లేకుండా పోతున్నాయి కాబోలు. పగలంతా గుంతలో కూర్చున్న ఒళ్ళు, కడుపులో వేడి అన్నం. వదిన మాట ఎక్కడో దూరంగా పడవ వెళ్తున్నట్టు వినిపిస్తోంది. చేప కనపడింది. గాజులు కూడా.

"అప్పుడు ఆ వానలో మా నాన్న సైకిలు దిగి..." అంటోంది వదిన.

"ఊఁ," అన్నాను, కళ్ళు మూసుకునే.

వదిన ఆగింది. నేను కళ్ళు తెరిచాను. నా వైపు చూస్తోంది. నా భార్య నన్ను చూసిన చూపు వేరు, అది ఇక్కడ చెప్పను.

"అదీ," అంది వదిన.

కాస్త పప్పు వడ్డించుకుని, మళ్ళీ వానలోకి వెళ్ళింది.